బట్టీ రాజేసే ముందు

నా కూతురు సుగుణ పోయి మొన్నటికి ఏడాది నిండింది. బిడ్డ ముందు పోయి తల్లి మిగిలితే ఎట్లా ఉంటుందో చెప్పడానికి నేను కూర్చోలేదు. దాని చెవిన పడకూడదని యాభై ఏళ్లకు పైగా దాచిన మాట ఒకటి ఉంది. దాచమన్నది మా అత్తమ్మ. వినకూడని చెవి ఇప్పుడు మట్టిలో ఉంది కనుక చెబుతున్నాను. నాకు సంతకం తప్ప రాత రాదు. పక్కింటి టీచరమ్మ రాసుకుంటున్నది.

అత్తమ్మకు మంచి పేరే ఉండేది. అత్త పేరు కోడలు పలకడం మా ఇళ్లలో లేదు, ఇప్పుడు కొత్తగా పలకలేను. రెజిమెంటల్ బజారులో కూడా ఆ పేరు ఎవరికీ తెలియదు. రొట్టెలమ్మ అంటే పసిపిల్లలు కూడా ఇల్లు చూపించేవారు.

పెళ్లిచూపులకు మా అల్వాల్ ఇంటికి వచ్చినప్పుడు ఆమె నన్ను పాట పాడమనలేదు, వంట వచ్చా అని అడగలేదు. "చేతులియ్యి పిల్లా" అన్నది. నా రెండు చేతులు తన చేతుల మధ్య పెట్టుకుని, ప్రార్థన చేసినంతసేపు కళ్లు మూసుకున్నది. తర్వాత మా నాన్నతో, "వెచ్చగున్నయి. పిండి మంచిగ పొంగుతది. మాకు నచ్చింది" అన్నది. ఆమె గడప దాటగానే మా అమ్మ, "పిల్లను అడుగనొచ్చిండ్రా, పొయ్యినడుగనొచ్చిండ్రా?" అని మూతి ముడుచుకున్నది.

నేను కాపురానికి వచ్చేసరికి బట్టీ నడుస్తూ ఉన్నది. మామ దండులో, అంటే మిలిటరీ కంటోన్మెంటులో, ఒక దొర బంగళాలో వంటమనిషిగా ఉండి జ్వరంతో పోయాడట. అప్పటికి మా ఆయనకు ఆరేళ్లు. బంగళా వంటింట్లో డబల్ రొట్టె కాలుస్తుంటే గుమ్మం దగ్గర నిలబడి చూసిన చూపు తప్ప అత్తమ్మకు వేరే చదువు లేదు. ఆ చూపుతోనే బజారు వెనక సందులో మట్టి, ఇటుకలు పేర్చి గుమ్మటంలాంటి బట్టీ కట్టించింది. ఆడమనిషి రొట్టె ఎవరు కొంటారని నవ్వినవాళ్ల ముందు నుంచే గంప నెత్తిన పెట్టుకుని మౌలాలి రైల్వే కాలనీ దాకా నడిచిపోయేది. నేను వచ్చేనాటికి తోపుడుబండి ఉంది, ముగ్గురు పనివాళ్లు ఉన్నారు. అయినా బయటికి వచ్చిన ప్రతి రొట్టెనూ తిరగేసి, అడుగున వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని వినేది డాక్టరులాగా. "పలుకుతలేదు. లోపల పచ్చిగుంది. మల్ల వెయ్యి" అనేది. పచ్చి రొట్టె ఎవరింటికీ పోలేదు.

ఆ రొట్టె కల్లుతో పొంగేది. ఇది చెబితే ఇప్పటివాళ్లు నమ్మరు. అల్వాల్ నుంచి రోజూ పొద్దున్నే ముంతలో కల్లు వచ్చేది. అది పోసి పిండి పిసికితే మధ్యాహ్నానికి ఉబ్బేది. అప్పుడు బట్టీ రాజేసి, సాయంత్రానికి రొట్టెలు దించేవాళ్లం. చర్చిలో అందరికంటే ముందు వరుసలో కూర్చునే మనిషి ఇంటికి రోజూ కల్లు రావడం పాస్టరు అయ్యగారికి ఇబ్బందిగా ఉండేది. ఒకసారి తాగుడు మీద గట్టిగా వాక్యం చెప్పి, తర్వాత మా ఇంటికి వచ్చి కూర్చుని, "ఏందమ్మా, జనం ఒక తీరుగ అనుకుంటుండ్రు" అన్నాడు. అత్తమ్మ లోపలి నుంచి పిండి తొట్టి ఈడ్చుకొచ్చి ఆయన ముందు పెట్టింది. "తాగేది ఇదయ్యా. దీనికే చెప్పుండ్రి వాక్యం" అన్నది. ఆయన నవ్వాపుకోలేక టీ ఒలకబోసుకున్నాడు. ప్రతినెలా మొదటి ఆదివారం చర్చిలో ప్రభు భోజనానికి విరిచే రొట్టె కూడా మా బట్టీదే.

మా ఇంట్లో సాయంత్రం ప్రార్థనకు ఒక పద్ధతి ఉండేది. పాట అయ్యాక ఒక్కొక్కరూ ఆ రోజు చేసిన తప్పు ఒకటి నోరు తెరిచి చెప్పాలి. ముందు తానే చెప్పేది, "పనాయన మీద ఊకెనే ఒర్రిన" అనో, "పక్కింటామె చీర జూసి కుళ్లుకున్న" అనో. పిల్లలు నిజం చెబితే రొట్టె అంచు కోసి, చక్కెర అద్ది ఇచ్చేది. అబద్ధం చెప్పిన పిల్లకు అంచు లేదు, దెబ్బా లేదు, చక్కెర లేని ఉత్త రొట్టె ముక్క. సుగుణకు నాలుగేళ్లు నిండేసరికి నిజం అంటే చక్కెర అని తెలిసిపోయింది. ఎవరైనా పొరపాటున తప్పు మాట అంటే అదే దిద్దేది. బజారంతా ముద్దు చేసేది. "రొట్టెలమ్మ మన్మరాలు గద, అబద్ధమెక్కడ ఆడుతది" అనేవాళ్లు.

బట్టీ దగ్గర ఉండే ముసలాయనను అందరం చాచా అనేవాళ్లం. బీదరు దిక్కు మనిషి. ఎండిన కట్టెలాగా సన్నగా ఉండేవాడు కనుక, ఏడాదికొకసారి బట్టీ లోపలి మట్టి పగిలితే ఆయనే పాక్కుంటూ లోపలికి దూరి మెత్తివచ్చేవాడు. గురువారం గురువారం దర్గాకని మౌలాలి గుట్ట ఎక్కేవాడు. అత్తమ్మ ఆయన కోసం ప్రార్థన చేస్తే ఆయన ఆమె కోసం దువా చేసేవాడు. ఇద్దరూ ఈ విషయం మీద ఒకరినొకరు ఎగతాళి చేసుకునేవారు. సుగుణకు ఆయనతో ఒకటే ఆట, పిండి బస్తాల చాటున దాగుడుమూతలు.

పోలీస్ యాక్షన్ అయిన వారం బజారు మూతపడింది. అల్వాల్ నుంచి కల్లు రాలేదు. కల్లు లేక పిండి కలపలేదు, బట్టీ రాజేయలేదు. మా ఆయన రైల్వే డ్యూటీలో మౌలాలి దగ్గరే చిక్కుకుపోయాడు. అంతకుముందు ఏడాదిగా రజాకార్లంటే మా ఇళ్లలో ఉన్న భయం సందు దాటి ముస్లిముల ఇళ్లలోకి పోయింది. చాచా అక్క కొడుకు ఒకడు పల్లెలో రజాకార్లలో చేరి ఏదో ఘోరం చేసి పారిపోయాడు. ఆ పల్లెవాళ్లు వాడి చుట్టాలను వెతుకుతున్నారని తెలిసింది. అత్తమ్మ చాచాను ఇంటికి పోనివ్వలేదు. పిండి గదిలో పడుకోబెట్టింది.

మూడో రోజు పొద్దున ఐదుగురు వచ్చారు. మా సందువాళ్లు కాదు. వాళ్లు మలుపు తిరుగుతుండగానే చాచా కిటికీలోంచి చూసి, ఒక్క మాట లేకుండా చల్లారిన బట్టీలోకి పాక్కుంటూ పోయాడు. అత్తమ్మ ఇనుప రేకు అడ్డం పెట్టి, దాని ముందు చేట వేసుకుని కందిపప్పు ఏరుతూ కూర్చున్నది. నేను గుమ్మం దగ్గర ఉన్నాను. సుగుణ ఎక్కడ ఉందో నేను చూసుకోలేదు. అది నా తప్పు. ఇన్నేళ్లలో ఏ సాయంత్రం ప్రార్థనలోనూ చెప్పుకోలేని నా తప్పు.

నెత్తికి తువాలు చుట్టుకున్నవాడు అడిగాడు. "అమ్మా, బట్టీ కాడ పనిజేసే ముసలోడేడి?"

"లేడు. మొన్ననే పోయిండు" అన్నది అత్తమ్మ. చేతులు పప్పులో ఆడుతూనే ఉన్నాయి.

"యాడికి పోయిండు?"

"ఇగ నాకు జెప్పి పోతడా నాయనా? గిసొంటి దినాలల్ల ఎవరెవరికి జెప్పి పోతుండ్రు?"

ఆమె నోటి నుంచి నేను విన్న మొదటి అబద్ధం అది. నీళ్లు తాగినంత సులువుగా వచ్చింది. వాడు తలూపి తనవాళ్లతో, "పోదాం పాండ్రి. ఈమె అబద్ధమాడదని బజార్ల నలుగురు చెప్పిండ్రు. లేడంటె లేనట్టే" అన్నాడు. వెనకవాళ్లు అప్పటికే సందులోకి దిగారు.

అప్పుడు సుగుణ పిండి గదిలోంచి వచ్చింది. అత్తమ్మ కొంగు పట్టుకుని, మతిమరుపు మనిషికి గుర్తుచేసినట్టు ఎంతో నెమ్మదిగా, "నానమ్మా, చాచా పోలేదు గద. బట్టీల దాక్కున్నడు. నువ్వు మర్శిపోయినవా?" అన్నది.

ముందు కదిలింది రేకు. లోపలి నుంచి చాచాయే దాన్ని పక్కకు జరిపాడు. గడ్డం నిండా బూడిదతో మోకాళ్ల మీద బయటికి వచ్చి, ఆ మనుషులను కాదు, పిల్లను చూశాడు. చూసి నవ్వాడు.

"అరే బేటీ, పట్టేసినవ్ గద నన్ను. ఆట నువ్వే గెలిచినవ్" అన్నాడు. "మా ఊరోళ్లు ఒచ్చిండ్రు నా కోసం. పోయొస్త మరి."

సుగుణ చప్పట్లు కొట్టింది. వచ్చినవాళ్లలో అందరికంటే చిన్నవాడు తల తిప్పుకుని సందులోకి చూస్తూ నిలబడ్డాడు.

అత్తమ్మ లేచి చాచా చొక్కా చెయ్యి పట్టుకున్నది. పప్పు నేలంతా చిందింది. "అయ్యా, ముసలాయన. అక్క కొడుకు జేసిన దానికి ఈయనేం జేస్తడు? ఈయన ఈడ ఇరవయ్యేండ్ల సంది రొట్టె కాలుస్తుండు. ఒక్క చీమను సుత తొక్కలేదు. నా మాటినుండ్రి" అన్నది.

"నీ మాట విని ఇప్పుడే ఎనక్కి పోతుంటిమి గదమ్మా" అన్నాడు తువాలువాడు. "ఇంకొకపారి ఎట్లింటం?"

ఆమె చేతి పట్టును చాచాయే విప్పాడు, ఒక్కొక్క వేలూ. సందు చివర తిరిగేటప్పుడు సుగుణకు చెయ్యి ఊపాడు. అంతే. మళ్లీ కనబడలేదు.

నేను గోడకు ఆనుకుని ఉన్నాను. సుగుణ అత్తమ్మ ముందుకు వచ్చి నిలబడి చెయ్యి చాచింది. "నేను నిజం జెప్పిన గద నానమ్మా. అంచియ్యవా?"

మూడు రోజుల నాటి రొట్టె ఒకటి డబ్బాలో మిగిలి ఉంది, రాయిలాగా. అత్తమ్మ దాన్ని తీసి, కత్తి రెండుసార్లు జారినా అంచు కోసింది. చక్కెర అద్దింది. పిల్ల చేతిలో పెట్టి, తల నిమిరి, "మంచిగ జెప్పినవ్ బిడ్డా" అన్నది. నేను నేల మీద చిందిన పప్పు ఏరుతూ కూర్చున్నాను.

ఆ సాయంత్రం పిల్ల పడుకున్నాక అత్తమ్మ నన్ను పిలిచింది. "దీనికి తెల్వొద్దు. అది బతికున్నన్ని దినాలు తెల్వొద్దు. తెలిస్తె ఇగ నిజమన్న ఇడిశిపెడతది, లేకుంటె పానమన్న ఇడిశిపెడతది" అన్నది. ఒట్టు పెట్టమనలేదు. ఒట్టు పెట్టడం ఆమెకు పడదు. "సరే అను" అన్నది. సరే అన్నాను. నాలుగు రోజులకు ఇల్లు చేరిన మా ఆయన చేత కూడా సరే అనిపించింది.

చాచా పోయిన మర్నాటి నుంచే అత్తమ్మ ఖాళీ గంప నెత్తిన పెట్టుకుని, రొట్టెలు అమ్మేదానిలాగా బయలుదేరి, చాచాను అడుగుతూ తిరిగింది. ఒకరు అటు అన్నారు, ఒకరు ఇటు అన్నారు. పదో రోజున మౌలాలి గుట్ట మెట్లన్నీ ఎక్కి, అక్కడ కూర్చునే ఫకీర్లను ఒక్కొక్కరినీ అడిగి వచ్చింది. బతికి ఉన్నాడని ఒక్క మాట గానీ, పోయాడని ఒక్క ఎముక గానీ దొరకలేదు. దొరికితే ఏడ్చి ఊరుకునేదేమో.

కల్లు మళ్లీ వచ్చింది, పిండి మళ్లీ పొంగింది. బట్టీ రాజేసే ముందు అత్తమ్మ దీపం పట్టుకుని, తల లోపలికి పెట్టి, కుడివైపు చూసి, ఎడమవైపు చూసి, "ఎవరన్న ఉన్నరా?" అని మెల్లగా అడిగేది. కాసేపు ఆగేది. అప్పుడు గానీ నిప్పు అంటించనిచ్చేది కాదు. కొత్త పనివాళ్లు నవ్వేవాళ్లు. "ఏందమ్మా, పిల్లి గిట్ల దూరిందా?" "జూసుకోవాలె గద" అనేది. వినవచ్చే జవాబు కోసం ఆమె మెడ వంచి ఆగే ఆ కాసేపు నేనూ చెవి ఒగ్గేదాన్ని. ఎన్నోసార్లు నాకూ లోపల బూడిద కదిలినట్టే అనిపించింది.

సుగుణ అడుగుతూనే ఉండేది, చాచా ఎప్పుడొస్తాడని. "బీదర్ల ఉన్నడు బిడ్డా. మోకాళ్ల నొప్పులట." క్రిస్మసుకు బజారులో అత్తమ్మే గాజులు కొని, "చాచా పంపిండు" అని ఇచ్చేది. పిల్లకు అక్షరాలు వచ్చాక చాచాకు ఉత్తరాలు రాయడం మొదలుపెట్టింది. డబ్బాలో వేస్తానని అత్తమ్మ తీసుకునేది. మంట బాగా ఎర్రబడ్డాక, ఎవరూ చూడకుండా, ఒక్కొక్కటీ బట్టీలో వేసేది. ఆమెకు చదువు రాదు. వేసే ముందు ఆ కాగితం మీద వేలు పెట్టి గీతగీతకూ తడిమేది. సాయంత్రం ప్రార్థన మాత్రం ఆపలేదు. ఆపితే పిల్ల ఎందుకని అడుగుతుంది. పనాయన మీద అరిచాననీ, చీర చూసి కుళ్లుకున్నాననీ అదే మాదిరిగా చెప్పుకునేది. నేను నేల చూసేదాన్ని.

చాచా పోయిన నెల నుంచే అత్తమ్మ ప్రభు భోజనం ముట్టడం మానేసింది. తన బట్టీలో కాలిన రొట్టెనే పళ్లెంలో వరుస వెంట వస్తుంటే, తాను తీసుకోకుండా పక్కవాళ్లకు అందించేది. చర్చి ఆడవాళ్లు ఊరుకుంటారా. "కల్లు పాపం ఇప్పటికి కుట్టినట్టుంది" అని ఒకామె నాకు వినబడేలాగే అన్నది. కొన్నాళ్లకు నేనే అడిగాను. "దేవుని ముందల ఒప్పుకోరాదా అత్తమ్మా? ఆయన వినడా?"

"మానేటోళ్లు గద ఒప్పుకునేది" అన్నది. "నేను రేపు పొద్దుగాల లేశి దానికి మల్ల గదే అబద్ధం జెప్పాలె. ఎల్లుండి మల్ల జెప్పాలె. ఇడువని పాపాన్ని నోట్ల పెట్టుకోని ఆ రొట్టె తింటె, తినేది రొట్టె గాదు పిల్లా, నా శిచ్చ."

బైబిలు వాక్యంలోనే ఒకామె ఇంటి మిద్దె మీద మనుషులను దాచి, వెతకవచ్చినవాళ్లకు అబద్ధం చెప్పింది కదా, దేవుడు ఆమెను దీవించాడు కదా అని నాకు తెలిసిన ముక్క చెప్పాను.

"ఆమె దాచినోళ్లు బతికిండ్రు" అన్నది. పిండి మీద తడిబట్ట కప్పి లేచిపోయింది.

ఎనిమిదేళ్లు అట్లా గడిపింది. మా హైదరాబాదు స్టేటు పోయి కొత్త రాష్ట్రం వస్తుందని బజారంతా మాట్లాడుకుంటున్న రోజుల్లో మంచం పట్టింది. కాళ్లు వాచాయి, ఊపిరి అందదు. సుగుణకు పన్నెండేళ్లు. బడి మానేసి కాళ్ల దగ్గరే కూర్చునేది. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు చిన్న పెట్టెలో రొట్టె, ద్రాక్షరసం తీసుకుని వచ్చాడు. ఆ రొట్టెకు పిండి కలిపింది నేనే.

"అమ్మా, తీసుకుంటవా? మనసుల ఏదన్న బరువుంటె దించుకో" అన్నాడు.

అత్తమ్మ కళ్లు మూసుకుని తల అడ్డంగా ఊపింది. ఆయన సరేనని పెట్టె మూయబోయాడు. సుగుణ ఆయన చెయ్యి పట్టుకున్నది.

"ఎందుకొద్దంటవ్ నానమ్మా? చర్చిల అందరు నన్నడుగుతుండ్రు, మీ నానమ్మ ఎందుకు తీసుకోదని. నాకేం జెప్పాల్నో తెలుస్తలేదు" అన్నది. తర్వాత ఆ పిల్ల, ఆమె నేర్పినట్టే, కళ్లలోకి సూటిగా చూసి అడిగింది. "నువ్వేదన్న పెద్ద తప్పు జేసినవా?"

"పోయి నీళ్లు తే" అన్నాను నేను. అది కదలలేదు.

అత్తమ్మ కళ్లు తెరిచి నన్ను చూసింది. పిల్లను చూసింది. ఆ చూపు నాకు తెలుసు. సందు మలుపు దాకా చాచా వెనక పోయిన చూపు అదే.

"ఏ తప్పు లేదు బిడ్డా" అని నోరు తెరిచింది.

పాస్టరు అయ్యగారు ముక్క నాలుక మీద పెట్టాడు. సుగుణ ముఖం వెలిగిపోయింది. ఆ గదిలో అత్తమ్మ ఏం తింటున్నానని అనుకున్నదో తెలిసింది నాకొక్కదానికే. రసం పెదవులకు తాకించి ఆయన వెళ్లిపోయాడు. పొద్దుగుంకక ముందే ప్రాణం పోయింది.

చర్చి ఆడవాళ్లు స్నానం చేయించడానికి వస్తున్నారని కబురు వచ్చింది. నోరు బిగుసుకోకముందే గడ్డం కింద గుడ్డ కట్టాలని దవడ సర్దబోయాను. లోపల, బుగ్గ పక్కన, ఆ ముక్క ఉంది. నమలలేదు, మింగలేదు. పిల్ల కోసం నోరు తెరిచింది, దేవునికి భయపడి గొంతు మూసుకున్నది.

చిటికెన వేలితో తీశాను. తడిగా, ఇంకా తెల్లగా ఉంది. సందులో ఆడవాళ్ల మాటలు వినబడుతున్నాయి. అట్లాగే వదిలేస్తే వాళ్ల కంటపడుతుంది, రేపటికి చర్చంతా తెలుస్తుంది, సుగుణ మళ్లీ ఎందుకని అడుగుతుంది. పారేద్దామంటే అది పారేసే వస్తువు కాదు. కొంగున కట్టుకుందామనుకుంటే పెరటి తలుపు తెరుచుకున్న చప్పుడైంది. నోట్లో వేసుకున్నాను.

సుగుణ నీళ్ల బిందె దించి నన్ను చూసింది.

"ఏం తింటున్నవమ్మా?"

మింగాను.

"ఏం లేదు బిడ్డా" అన్నాను.